బావ ట్యాంకులో పోయాడు, ఎఫ్‌ఐఆర్‌లో సూపర్‌వైజర్ పేరు ఒక్కటే ఉంది. డబ్బు తీసుకుంటే కేసు పోతుందా?

మల్కాపురం తమ్ముడు · ఆగస్టు 24, 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇదివరకు ఇక్కడ బండి ఇన్సూరెన్స్ గురించి ఒక్కసారి అడిగాను, అంతే. ఈసారి విషయం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అక్క భర్త, వయసు 35. గాజువాక అవతల ఒక కెమికల్ యూనిట్‌లో కాంట్రాక్టర్ కింద వెసెల్ క్లీనింగ్ పని. జూన్ 20, శుక్రవారం. షట్‌డౌన్ నడుస్తోంది, అంటే మరమ్మతులకని ప్లాంటు ఆపారు. పదకొండు దాటాక మ్యాన్‌హోల్‌లోంచి రియాక్టర్‌లోకి దిగాడు. దిగిన నిమిషంలోనే పడిపోయాడట. పైనున్న హెల్పర్ కుర్రాడు తాడు కూడా లేకుండా వెనకాలే దిగిపోయాడు. వాడిని ఎలాగో పైకి లాగారు, బతికాడు. బావని తీయడానికి నలభై నిమిషాలు పట్టింది.

మర్నాడు కేజీహెచ్ మార్చురీ బయట పోస్ట్‌మార్టం కోసం కూర్చున్నాం. కాంట్రాక్టర్ మనిషి ఫైలు పట్టుకొచ్చాడు. స్టాంపు పేపరు అప్పటికే టైపు చేసి ఉంది. అక్క పేరు తప్పు పడితే అక్కడే పెన్నుతో దిద్దాడు. ఐదు లక్షల చెక్కు. ‘మాకు ఎవరి మీదా అనుమానం లేదు, ఇకమీద ఎలాంటి క్లెయిమ్ చేయము’ అని రాసి ఉంది. మా నాన్న సాక్షి సంతకం పెట్టాడు. అక్క ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. అప్పుడు దాని పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కంపెనీ వాళ్ళు ఇంకో పది లక్షలు ఇస్తామంటున్నారు, కేసు ముందుకు తీసుకెళ్ళబోమని రాసిస్తే. ఎఫ్‌ఐఆర్‌లో కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే సూపర్‌వైజర్ పేరు ఒక్కటే ఉంది. ఆయనా మా బావలాగే జీతగాడు. కంపెనీ రిపోర్టులో ‘అనుమతి లేకుండా లోపలికి దిగాడు’ అని రాశారట.

నాన్న తీసేసుకుందాం అంటున్నాడు. అక్క ఏమీ మాట్లాడటం లేదు. ఇద్దరు పిల్లలు, ఏడేళ్ళు, మూడేళ్ళు. తప్పు ఎవరిది, చట్టం ఎవరిని పట్టుకుంటుంది, డబ్బు తీసుకుంటే ఏమవుతుంది?

మోడరేటర్ · ఆగస్టు 24, రాత్రి 11:05

కంపెనీ పేరు, మీ బావగారి పేరు తీసేశాను తమ్ముడూ. కేసు నడుస్తోంది కాబట్టి పేర్లు లేకుండానే మాట్లాడుకుందాం. మిగతావాళ్ళూ గుర్తుపెట్టుకోండి.

కంచరపాలెం 99 · ఆగస్టు 24, రాత్రి 11:20

ఎండీని లోపలేయాలి బ్రో. పైవాడిని పట్టుకోనంతకాలం ఇది ఆగదు. ఎల్‌జీ పాలిమర్స్‌లో సీఈవోని కూడా అరెస్ట్ చేశారు కదా, ఇక్కడెందుకు చేయరు?

బాయిలర్ బాబు · ఆగస్టు 25, ఉదయం 7:10

ముందుగా సంతాపం. కానీ రెండో వైపు కూడా చూడాలి. నేను ప్లాంటులో ప్రొడక్షన్‌లో ఇరవై ఏళ్ళు చేశాను. చెప్పినా వినరు. హార్నెస్ వేసుకోమంటే ఉక్కపోత అంటారు, మాస్క్ ఇస్తే మెడలో వేలాడేసుకుంటారు. కొందరు పొద్దున్నే మందు కొట్టి వస్తారు. కార్మికుడికీ బాధ్యత ఉందని ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 111లోనే ఉంది. అన్నిటికీ యాజమాన్యాన్నే అంటే ఎలా?

పాత ఫిట్టర్ · ఆగస్టు 25, ఉదయం 7:48

ఏటి బాబూ, పోయినవాడు తాగాడని నీకెవరు చెప్పారు? మేనేజర్ పోతే గుండెపోటు, కూలీ పోతే మందు. ముప్పై ఏళ్ళుగా ఇదే వింటున్నాను.

తమ్ముడూ, ఆ రియాక్టర్‌కి నైట్రోజన్ లైన్ ఉందా? ఉంటే బ్లైండ్ కొట్టారా, వాల్వ్ కట్టి ఊరుకున్నారా? అది కనుక్కో ముందు.

మల్కాపురం తమ్ముడు · ఆగస్టు 25, ఉదయం 8:15

బావతో పనిచేసే ఆయన్ని అడిగాను. నైట్రోజన్ లైన్ ఉందట. వాల్వ్ మూసి ట్యాగ్ కట్టారట. బ్లైండ్ వేయలేదట, టైం లేదన్నారట.

బావకి మందు అలవాటు లేదండీ. విసెరా రిపోర్టు, అదే శవంలోంచి తీసిన భాగాల ల్యాబ్ పరీక్ష, ఇంకా రాలేదు.

పాత ఫిట్టర్ · ఆగస్టు 25, ఉదయం 8:40

అనుకున్నాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. పైపుకి వాల్వ్ మూస్తే ఆగిందనుకుంటాం. పాత వాల్వ్ సీటు అరిగి ఉంటే సన్నగా లీకవుతూనే ఉంటుంది, చెవికి వినపడదు. అందుకే రెండు ఫ్లాంజీల మధ్య ఇనప పళ్ళెం దూర్చి బోల్టులు బిగిస్తారు, దాన్నే బ్లైండ్ అంటాం. ఇద్దరు మనుషులకి గంట పని.

నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్ళు అదే కాబట్టి ఒంటికి ఏమీ తెలియదు. ఆక్సిజన్ బాగా పడిపోయిన చోటికి దిగితే రెండు మూడు ఊపిరులకే మనిషి కూలబడతాడు, కేక వేయడానికి కూడా టైం ఉండదు. పైవాడు కళ్ళు తిరిగాయేమో అనుకుని దూకుతాడు. ట్యాంకు ప్రమాదాల్లో చాలాసార్లు రెండో శవం కాపాడబోయినవాడిదే. మీ హెల్పర్ కుర్రాడిది గట్టి ఆయుష్షు.

ఈహెచ్‌ఎస్ రాత్రి షిఫ్ట్ · ఆగస్టు 25, మధ్యాహ్నం 1:30

నేను వేరే యూనిట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. మాలో మాకు సిగ్గుగా ఉండే మాట ఒకటి చెప్తాను.

మనిషి ట్యాంకులోకి దిగాలంటే ‘కన్‌ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ పర్మిట్’ ఉండాలి. లైన్లు విడదీశారా, ఆక్సిజన్ ఎంత, మండే వాయువు ఎంత, పైన కాపలా మనిషి ఎవరు, హార్నెస్, మనిషిని పైకి లాగే ట్రైపాడ్ ఉన్నాయా అన్నీ అందులో రాయాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగనివ్వకూడదు. ముందే పరీక్షించడం మా దయాదాక్షిణ్యం కాదు, ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 36 చెప్పేదే. తగిన అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి, లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే ఊపిరి పరికరం పెట్టుకుని, నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, ఆ తాడు కొస బయట ఒక మనిషి చేతిలో ఉండాలి.

షట్‌డౌన్‌లో జరిగేది వేరే. పొద్దున తొమ్మిదిన్నరకి ఒకేసారి నలభై పర్మిట్లు నా టేబుల్ మీదికి వస్తాయి. నలభై చోట్లకి మీటరు పట్టుకుని వెళ్ళడానికి ఉన్నది ఇద్దరం. మిగతాది మీరే ఊహించుకోండి. తమ్ముడూ, ఆ రోజు పర్మిట్ కాపీ ఎవరి దగ్గరైనా ఉందా? ఒరిజినల్ కంపెనీ ఈపాటికి ‘సరిచేసి’ ఉంటుంది.

మల్కాపురం తమ్ముడు · ఆగస్టు 25, రాత్రి 9:55

ఉంది సార్. బావ స్నేహితుడు ఆ గందరగోళంలో పర్మిట్ బోర్డుకి క్లిప్పు పెట్టి ఉన్న కాగితాన్ని ఫోన్లో ఫోటో తీశాడు. ఫోటో టైం 11:52 చూపిస్తోంది. నాకు చదవడం రాక మీకోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పని: ‘వెసెల్ క్లీనింగ్’. ఐసోలేషన్ దగ్గర టిక్ ఉంది. కాపలా మనిషి పేరు దగ్గర హెల్పర్ పేరే ఉంది. గ్యాస్ టెస్ట్ గడులు మూడు. 9:30కి ఆక్సిజన్ 20.9. 11:30కి 20.9. 2:00కి 20.9. మూడూ ఒకే నీలం పెన్నుతో ఉన్నాయి, పక్కన పొట్టి సంతకం.

ఈహెచ్‌ఎస్ రాత్రి షిఫ్ట్ · ఆగస్టు 25, రాత్రి 10:02

ఫోటో తీసింది 11:52కి. అందులో మధ్యాహ్నం రెండు గంటల రీడింగ్ ఉంది.

తమ్ముడూ, ఆ ఫోటో వాట్సాప్‌లో ఎవరికీ పంపకు. ఆ ఫోన్ అమ్మొద్దని, రీసెట్ చేయొద్దని మీ బావ స్నేహితుడికి చెప్పు. ఈ రాత్రే చెప్పు.

పాత ఫిట్టర్ · ఆగస్టు 25, రాత్రి 10:20

పదకొండున్నరకి కూడా 20.9 అట. అప్పటికి మనిషి అడుగున పడి ఉన్నాడు కదయ్యా.

నల్లకోటు · ఆగస్టు 26, ఉదయం 6:50

లేబర్ కేసులు చూస్తాను. రాత్రి మొత్తం చదివాను. ఒక్కొక్కటీ చెప్తాను, వరస తప్పితే క్షమించండి, ఎనిమిదింటికి బయల్దేరాలి.

ముందు ఆ స్టాంపు పేపరు సంగతి. భయపడకండి. ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923లో సెక్షన్ 8 ప్రకారం మరణం కేసులో పరిహారం కమిషనర్ (ఈ చట్టం కింద పరిహారం తేల్చే అధికారి) దగ్గర డిపాజిట్ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది చెల్లింపు కిందకే రాదు, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప. హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్నా సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. మార్చురీ బయట సంతకాలు పెట్టించుకునేవాళ్ళకి ఇది తెలియక కాదు, మీకు తెలియదని తెలిసి.

పోలీసు కేసు. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడం అంటే పాత ఐపీసీ 304ఏ, గరిష్ఠం రెండేళ్ళు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1), గరిష్ఠం ఐదేళ్ళు. బెయిల్ దొరికే నేరమే. కానీ రాజీకి వీలున్న నేరాల జాబితాలో ఇది లేదు. మీ అక్క పది లక్షలు తీసుకుని వంద కాగితాలు రాసిచ్చినా కేసు కొట్టేసే అధికారం ఆమెకి లేదు. వాళ్ళు కొంటున్నది మీ మౌనాన్ని, మీ సాక్షుల మౌనాన్ని.

ఎఫ్‌ఐఆర్‌లో సూపర్‌వైజర్ ఒక్కడే ఎందుకున్నాడంటే, ఈ సెక్షన్ స్వభావమే అంత. చావుకి నేరుగా దారితీసిన నిర్లక్ష్యం ఎవరిదని కోర్టు అడుగుతుంది. బొంబాయిలో ఒక పెయింట్ ఫ్యాక్టరీలో మంటలు లేచి ఏడుగురు కార్మికులు పోయారు. మేనేజర్ మీద 304ఏ నిలబడలేదు. అతను అక్కడ నిప్పుతో పని చేయించడానికీ ఆ చావులకీ మధ్య ఇంకో పనివాడి తొందరపాటు అడ్డొచ్చిందని 1960ల్లో సుప్రీంకోర్టు అంది. కుర్బాన్ హుస్సేన్ కేసు అంటాం, ఇప్పటికీ ప్రతి డిఫెన్స్ లాయరు సంచిలో ఉంటుంది. భోపాల్‌లో కూడా 1996లో సుప్రీంకోర్టు పెద్ద సెక్షన్ తీసేసి 304ఏకి దించింది. 2010 జూన్‌లో పడింది రెండేళ్ళ శిక్ష. అంటే పోలీసు కేసు సహజంగా కిందికే జారుతుంది, వాల్వ్ ఎవరు తిప్పారు, సంతకం ఎవరు పెట్టారు అంటూ.

పైకి వెళ్ళే దారి ఫ్యాక్టరీల చట్టం. అందులో ‘ఆక్యుపయర్’ అనే మాట ఉంది, ఫ్యాక్టరీ మీద చివరి అదుపు ఉన్నవాడు అని. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్. భోపాల్ తర్వాత 1987లో చట్టం మార్చి ఇది బిగించారు, 1996లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. అంతకుముందు ఎవడో ఉద్యోగిని ఆక్యుపయర్‌గా నామినేట్ చేసి డైరెక్టర్లు ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కుదరదు. డైరెక్టర్ ఆ రోజు వాల్వ్ చూశాడా లేదా అన్నది ప్రశ్న కాదు, సురక్షితమైన చోటు ఇచ్చాడా లేదా అన్నదే ప్రశ్న.

మిగతాది సాయంత్రం.

బాయిలర్ బాబు · ఆగస్టు 26, ఉదయం 9:15

సెక్షన్ 101 కూడా ఉంది కదా సార్. తగిన జాగ్రత్త తీసుకున్నానని ఆక్యుపయర్ చూపిస్తే బయటపడతాడు.

నల్లకోటు · ఆగస్టు 26, సాయంత్రం 6:30

ఉంది. మీరు చదివిన మనిషే. అయితే జాగ్రత్త తీసుకున్నానని తను రుజువు చేసుకోవాలి, అసలు తప్పు చేసినవాడిని తనే కోర్టు ముందు నిలబెట్టాలి. ‘అనుమతి లేకుండా దిగాడు’ అని కంపెనీ రిపోర్టులో ముందే రాసుకున్నది ఇందుకే. పర్మిట్ వ్యవస్థ పక్కాగా ఉంది, పనివాడే మీరాడు అని చూపించాలి. కానీ ఆ పర్మిట్‌లో రెండు గంటల రీడింగ్ పదకొండు యాభై రెండుకే ఉంటే, ఆ జాగ్రత్త ఏపాటిదో కాగితమే చెప్తుంది. పైగా అనుమతి లేదంటారు, బోర్డుకి పర్మిట్ వేలాడుతోంది. రెండింటిలో ఏదో ఒకటే నిజం.

తాగాడు, మాట వినలేదు అన్న వాదన గురించి కూడా. నష్టపరిహార చట్టంలో అది మరణం కేసుకి వర్తించదు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కాని గాయాలకే.

ఇప్పుడు చేదు వార్తలు. ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 92 కింద శిక్ష గరిష్ఠం రెండేళ్ళు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. మనిషి పోతే జరిమానా కనీసం ఇరవై ఐదు వేలు ఉండాలి. అవును, సరిగ్గానే చదివారు. ఇంకోటి, ఈ కేసు కుటుంబం వేయడానికి వీల్లేదు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరే వేయాలి. అదీ తన దృష్టికి వచ్చిన మూడు నెలల్లోపు. ప్రమాదం జూన్ 20. లెక్క మీరే వేసుకోండి. రేపే జాయింట్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్ ఆఫీసులో మీ అక్క సంతకంతో అర్జీ ఇవ్వండి. పర్మిట్ ఫోటో ప్రింటు జత చేయండి. రసీదు ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు.

ఎల్‌వన్ బాధితుడు · ఆగస్టు 26, రాత్రి 8:10

తిట్టుకోండి, నేను కాంట్రాక్టర్‌ని. చిన్నవాడిని, ముప్పై మంది ఉంటారు.

టెండర్‌లో తక్కువ కోట్ చేసినవాడికే పని. నేను ట్రైపాడ్, ఎయిర్ లైన్ మాస్కులు, గ్యాస్ మీటర్ల ఖర్చు కలిపి కోట్ చేసిన రెండుసార్లూ పని వేరేవాడికి వెళ్ళింది. మూడోసారి కలపలేదు. షట్‌డౌన్ రోజు దాటితే నాకు పెనాల్టీ. బ్లైండ్ వేయడం నా స్కోపులో ఉండదు, కంపెనీ మెకానికల్ వాళ్ళు వేయాలి. వాళ్ళు వేయలేదని నేను పని ఆపితే మళ్ళీ సంవత్సరం నాకు ఆర్డర్ ఉండదు. ఇది సమర్థింపు కాదు. ఆ సూపర్‌వైజర్ స్థానంలో మా మనిషిని ఊహించుకుంటే నిద్ర పట్టలేదు, అందుకే రాశాను.

పాత ఫిట్టర్ · ఆగస్టు 26, రాత్రి 8:32

మూడోసారి కలపలేదన్నావు. ఆ ముప్పై మందికి ఆ మాట చెప్పావా?

ఎల్‌వన్ బాధితుడు · ఆగస్టు 26, రాత్రి 8:50

లేదు.

కంచరపాలెం 99 · ఆగస్టు 27, ఉదయం 10:05

ఒకటి అర్థం కాదు. 2020 మే 7న వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకైతే చనిపోయిన ఒక్కో కుటుంబానికి కోటి ఇచ్చారు. పోయిన ఏడాది ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పదిహేడు మంది పోతే అప్పుడూ కోటి ప్రకటించారు. షిప్‌యార్డ్ క్రేన్ కూలినప్పుడు యాభై లక్షలు. ఈ బావగారికి ఐదు లక్షలు ఏ లెక్కన?

నల్లకోటు · ఆగస్టు 27, ఉదయం 10:40

అవి చట్టం లెక్కలు కావు. ఊరంతా రోడ్డు మీదికి వచ్చి, టీవీలు వచ్చి, ముఖ్యమంత్రి వచ్చినప్పుడు ప్రకటించినవి. షట్‌డౌన్‌లో ఒక్కడు పోతే జిల్లా పేజీలో నాలుగు లైన్లు. ఎల్‌జీలో సీఈవోతో కలిపి పన్నెండు మందిని అరెస్ట్ చేయడానికి కూడా రెండు నెలలు పట్టింది, అంత గొడవలో.

చట్టం లెక్క ఇదీ. ఈఎస్‌ఐ (జీతంలో కోసే కార్మిక బీమా) లేకపోతే నష్టపరిహార చట్టం. నెల జీతం ఎంత ఎక్కువైనా 15,000కే లెక్క కడతారు. అందులో సగం 7,500. వయసు 35కి గుణకం 197.06. రెండూ గుణిస్తే 14,77,950 రూపాయలు. నెలలోపు డిపాజిట్ చేయకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పైన సగం దాకా పెనాల్టీ. కాంట్రాక్టర్ కట్టకపోతే సెక్షన్ 12 కింద అసలు కంపెనీ నుంచే అడగొచ్చు. అంటే ఐదూ పదీ కలిపి పదిహేను లక్షలు ‘మానవత్వంతో’ ఇస్తున్నామని వాళ్ళు చెప్తున్నది, ఈఎస్‌ఐ లేని మనిషికి ఎలాగూ ఇవ్వాల్సిన బాకీ.

తమ్ముడూ, పేస్లిప్ ఉందా? ఈఎస్‌ఐ కోత ఉందో లేదో చూడు.

మల్కాపురం తమ్ముడు · ఆగస్టు 27, రాత్రి 9:20

ఉంది సార్. జీతం 18,000. ఈఎస్‌ఐ 135 కోశారు, ప్రతి నెలా. కానీ ఈఎస్‌ఐ ఆఫీసులో అడిగితే మార్చి తర్వాత డబ్బు జమ కాలేదన్నారు. అందుకని ఇక రాదేమో అని నాన్న.

నల్లకోటు · ఆగస్టు 27, రాత్రి 10:15

వస్తుంది. పని ప్రమాదంలో పోయినవాడి కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్స్ బెనిఫిట్‌కి ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు పోయినా వస్తుంది. కట్టనిది కాంట్రాక్టర్ తప్పు, అసలు యజమాని నుంచి ఈఎస్‌ఐసీ వసూలు చేసుకుంటుంది.

ఎంతంటే, రోజు జీతంలో 90 శాతం. 18,000 అంటే రోజుకి 600, అందులో 540. భార్య వాటా అయిదింట మూడు, ఒక్కో పిల్లకి అయిదింట రెండు. కలిపితే పూర్తి రేటు దాటిపోతుంది కాబట్టి ఆ నిష్పత్తిలోనే తగ్గిస్తారు. అక్కకి రోజుకి సుమారు 231, ఒక్కో పిల్లకి 154. ఇంటికి నెలకి పదహారు వేలు చిల్లర. అక్కకి జీవితాంతం, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా. పిల్లల్లో కొడుకైతే 25 ఏళ్ళు వచ్చేదాకా, కూతురైతే పెళ్ళయ్యేదాకా. ఇది వస్తే నష్టపరిహార చట్టం కింద మళ్ళీ వేయలేం, ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53 అడ్డం. ఇది ఎంత మేలో మూడేళ్ళ పాపని తలుచుకుని లెక్క వేయండి. పీఎఫ్ ఉంటే ఈడీఎల్‌ఐ ఇన్సూరెన్స్ గరిష్ఠంగా 7 లక్షల దాకా, వితంతు పింఛను వేరే.

సముద్రం దగ్గరిల్లు · ఆగస్టు 28, మధ్యాహ్నం 2:40

నేను ఇక్కడ ఎక్కువగా వంటల దగ్గరే రాస్తుంటాను. ఇది చదివి ఆగలేకపోయాను.

2013లో మా ఆయన గోడౌన్ పైకప్పు మీద సిమెంట్ రేకు విరిగి కింద పడ్డారు. పైన నడవడానికి పలక వేయలేదు, నడుముకి తాడు లేదు. నాకూ మార్చురీ దగ్గరే సంతకం. లక్షన్నర. ఆ కాగితం మీద ఏముందో నేను చదివింది పదో రోజు కర్మ అయ్యాక. ‘స్వయంకృతాపరాధం’ అని ఉంది. ఆ మాటకి అర్థం మా మరిదిని అడగాల్సి వచ్చింది.

రెండేళ్ళు తిరిగాను ఈఎస్‌ఐ కోసం. పాప చంకలో ఉండేది. ఒక ఆఫీసులో గుమస్తా ‘ఇంకా చిన్నదానివే కదమ్మా’ అన్నాడు, ఏ ఉద్దేశంతో అన్నాడో అతనికే తెలుసు. చివరికి యూనియన్ ఆయన ఒకరు పాత పేస్లిప్ మీదున్న ఇన్సూరెన్స్ నంబరు చూసి కదిలించారు. ఇప్పుడు నెలనెలా వస్తోంది. తక్కువే, కానీ ఎవరినీ అడిగే పని లేదు.

తమ్ముడూ, మీ నాన్నగారిని తిట్టకు. పది లక్షలు ఒకేసారి కళ్ళ ముందుంటే పెద్దవాళ్ళకి భద్రంగా అనిపిస్తుంది. అక్కని మాత్రం ఒకసారి ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు. ఎవరూ అడగలేదని నా బాధ ఇప్పటికీ.

బాయిలర్ బాబు · ఆగస్టు 28, రాత్రి 7:55

నిన్నటి నుంచి ఆలోచిస్తున్నా. మందు గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ఊహించి అన్నాను.

నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా ఉన్నప్పుడు ముందే రీడింగులు నింపిన పర్మిట్ల మీద నేనూ సంతకాలు పెట్టాను. ఎవరూ చావలేదు కాబట్టి నన్ను ఎవరూ అడగలేదు. తమ్ముడూ, రీడింగుల పక్కనున్న పొట్టి సంతకం కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ది అయ్యుండదు. గ్యాస్ టెస్ట్ సంతకం కంపెనీ ఉద్యోగిదే ఉంటుంది. పర్మిట్ ఇచ్చినవాడు, తీసుకున్నవాడు వేరు వేరు గడులు. ‘ఇష్యూయర్’ గడి చూడు.

మల్కాపురం తమ్ముడు · ఆగస్టు 29, రాత్రి 10:30

చూశాను సార్. ఇష్యూయర్ గడిలోనూ అదే పొట్టి సంతకం. సూపర్‌వైజర్ సంతకం ‘రిసీవర్’ దగ్గర ఉంది, వేరేలా ఉంది.

అర్జీ ఇచ్చాం. అక్క కూడా వచ్చింది. ఆఫీసులో ఆయన ఫోటో టైం చూసి అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఒరిజినల్ ఫోను తెమ్మన్నాడు. బావ స్నేహితుడు భయపడుతున్నాడు, అదే కాంట్రాక్టర్ దగ్గర పని కదా. హెల్పర్ కుర్రాడిని ఊరికి పంపేశారు, నంబరు దొరికింది.

అక్కని అడిగాను అక్కా, మీరు చెప్పినట్టే. ‘డబ్బిస్తే ఇవ్వమను, దిగింది ఆయన తప్పని మాత్రం నేను రాయను’ అంది. అదే మాట కంపెనీ మనిషికి చెప్తే ఆ లైను లేకుండా ఇవ్వలేమన్నాడు. అంతే, పోయాడు.

ఎల్‌వన్ బాధితుడు · ఆగస్టు 30, ఉదయం 6:20

ఆ స్నేహితుడి పని పోతే నాకు మెసేజ్ పెట్టండి. నా దగ్గర ఖాళీ ఉంది. ట్యాంకు పని కాదు, స్కాఫోల్డింగ్.

మల్కాపురం తమ్ముడు · డిసెంబర్ 7, 2025, సాయంత్రం 5:15

చాలా రోజులకి వచ్చాను. విసెరా రిపోర్టులో మద్యం లేదు. సెప్టెంబరు మూడో వారంలో ఇన్‌స్పెక్టర్ కోర్టులో కంప్లయింట్ వేశారు, ఆక్యుపయర్ మీద, మేనేజర్ మీద. గడువుకి రెండు రోజుల ముందు. పోలీసులు హెల్పర్ కుర్రాడి వాంగ్మూలం తీసుకున్నారు, పర్మిట్ ఇచ్చిన కంపెనీ ఇంజనీర్ని కూడా నిందితుల్లో చేర్చారు. సూపర్‌వైజర్ పేరు అలాగే ఉంది. ఆయన భార్య మొన్న మా ఇంటికొచ్చింది. ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు, అక్క టీ పెట్టింది.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేశాయి, పాత కేసులు పోయినట్టే అని కంపెనీ వైపు ఎవరో అంటున్నారు. నిజమేనా సార్?

నల్లకోటు · డిసెంబర్ 7, రాత్రి 8:00

కాదు. కోడ్‌లు నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. మీ ప్రమాదం జూన్‌లో జరిగింది, జరిగిన నాటి చట్టమే. కొత్త దాంట్లో బాధ్యత మీరడం వల్ల మనిషి పోతే జరిమానా కనీసం ఐదు లక్షలు, అందులో సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు. ఇరవై ఐదు వేల కంటే మేలే. జైలు గరిష్ఠం మాత్రం అక్కడా రెండేళ్ళే.

మల్కాపురం తమ్ముడు · డిసెంబర్ 7, రాత్రి 8:40

థాంక్స్ సార్. ఈఎస్‌ఐ మంజూరైంది. బకాయితో కలిపి అక్క ఖాతాలో పడింది. నాన్న పాస్‌బుక్ రెండుసార్లు ప్రింట్ చేయించాడు.

ఒక ఫారం ఇచ్చారు. బతికే ఉన్నానని, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని అక్కే రాసి సంతకం పెట్టాలట. అది చదివినప్పటి నుంచి అక్క దాన్ని ముట్టుకోవడం లేదు. ఫ్రిజ్ మీద పెట్టి ఉంది. ఇది తప్పనిసరా?

సముద్రం దగ్గరిల్లు · డిసెంబర్ 7, రాత్రి 9:10

తప్పదు తమ్ముడూ. నేను పదిసార్లు రాశాను. మొదటిసారి నాకూ అలాగే అయింది, మా ఆడపడుచు పక్కన కూర్చుంటే రాశాను. అక్క నంబరు నాకు మెసేజ్ పెట్టు, ఆదివారం నేను వస్తాను. నింపాక రెండు జిరాక్సులు తీసి ఉంచండి, వాళ్ళు పోగొడతారు.